మేనేజర్ గారి దుప్పటి

మామగారు ఒక గోదాములో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే మేనేజర్ కింద పనిచేశారు. ఆ మేనేజర్‌కి ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు. రిటైరైన మర్నాడు ఎక్కణ్ణుంచో ఒక కుక్కపిల్లని చంకన పెట్టుకొచ్చి దానికి మేనేజర్ అని పేరు పెట్టారు. "మేనేజర్, కూర్చో! మేనేజర్, నోర్ముయ్! మేనేజర్, ఇక్కడ కాదు, బయటికెళ్ళి పోసుకో!" అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచి, ఆ సుఖం నాలుగేళ్ళు తనివితీరా అనుభవించి, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే హాయిగా కన్నుమూశారు. ఆ నాలుగేళ్ళలో మేనేజర్ ఆయన మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు. వినాలని ఆయనకీ పెద్దగా లేదు. వింటే ఇంకోసారి అరవడానికి ఉండదు కదా.

ఆయన పోయిన రెండు నెలలకి అత్తగారు కొడుకు ఇంటికి వచ్చేసింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో గొలుసు, గొలుసు చివర ముప్ఫై నాలుగు కిలోల మేనేజర్.

కోడలు తలుపు తీసి పెట్టెని చూసి నవ్వింది. గొలుసు చివర చూసి, చంకలో ఉన్న ఐదు నెలల పాపని భుజం మీదికి, అక్కణ్ణుంచి ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది.

అసలే ఆమెది పిరికి గుండె. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వేలు తగిలి పాప ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, అమ్మయ్య, బాగానే ఉంది అని అప్పుడు కుదుటపడేది. పాలసీసా రెండుసార్లు మరిగించేది. రెండోసారి మరిగించింది గుర్తులేక మూడోసారీ మరిగించేది. పాపకి ఇంట్లో పిడుగు అని ముద్దుపేరు. ఆ పేరు పెట్టింది కింద అంతస్తు వాళ్ళు, ముద్దుగా కాదు.

పిడుగు ఏడ్చినప్పుడల్లా మేనేజర్‌కి పూనకం వచ్చేది. ఏ మూల ఉన్నా ఊళలు పెడుతూ పరిగెత్తుకొచ్చి, ముందుకాళ్ళు రెండూ ఉయ్యాల అంచు మీద వేసి, పాప మొహం గడ్డం నుంచి నుదురు దాకా ఒక్క నాకు నాకేవాడు. వాడి లెక్కలో అది సేవ. పాపకి ఏడో నెల వచ్చాక ఒకరోజు ఉయ్యాల ఆ సేవకి పక్కకి ఒరిగిపోయింది. కోడలు చేతిలో గరిట వదిలేసి, పడిపోతున్న ఉయ్యాలని మోకాలితో ఆపింది. మోకాలు వారం రోజులు నీలంగా ఉంది.

"ఇంక లాభం లేదమ్మా," అన్నాడు ఆ సాయంత్రం భర్త. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ సమస్యనైనా ముందు కరెంటు తీసేసి ఆలోచిద్దాం అనే రకం. "వీణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఇచ్చేయ్ రా," అంది అత్తగారు. "నన్ను కూడా ఇచ్చేయ్. ఇద్దరికీ కలిపి ఒకే గొలుసు కొను, పొదుపు."

"నిన్నెవరు పొమ్మన్నారు?"

"వాడు ఎక్కడుంటే నేనక్కడ. మీ నాన్న పోతూ పోతూ నాకు వదిలిపెట్టి వెళ్ళింది ఆ కుక్కనీ, ఒక దుప్పటినీ. ఆ దుప్పటి కూడా వాడే కప్పుకుంటున్నాడు."

కోడలి భయం కుక్క ఉంటుందని ఒకటి, కుక్క పోతుందని ఇంకొకటి. ఎందుకంటే చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన దగ్గర్నుంచి పాప పుట్టేదాకా ఆమె ఒక కర్టెన్ల షాపులో మిషను మీద కుట్టేది. పొడవాటి గుడ్డకి సమానంగా కుచ్చులు పెట్టడంలో ఆ షాపులో ఆమె చేతికి సాటి లేదు. ఆమెకి ఈ ప్రపంచంలో వణకకుండా చేతనైన పని అదొక్కటే. షాపావిడ కిందటి వారమే ఫోన్లో తేల్చి చెప్పింది: "వచ్చే నెల ఒకటో తారీఖుకి వస్తే నీ మిషను నీది. రాకపోతే ఇప్పుడు కూర్చున్న పిల్లదే. ఆ పిల్ల కుచ్చులు వంకరగా పెడుతోంది, కానీ పెడుతోంది." తను పనికి వెళ్తే పిడుగుని చూసుకోవాల్సింది అత్తగారు. కుక్క పోతే అత్తగారు పోతుంది, అత్తగారు పోతే మిషను పోతుంది. ఆమె ఉద్యోగం కూడా మేనేజర్ మెడ గొలుసుకే కట్టి ఉంది.

"ట్రైనర్ని పెట్టిద్దామండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒక్క నెల. నెలాఖరుకి ట్రైనర్ ఏం చెప్తే అదే ఖాయం."

తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరే," అన్నారు ఇద్దరూ, ఎవరికి వాళ్ళు తామే గెలుస్తామన్న ధీమాతో.

ట్రైనర్ అంటే విజిల్ వేసుకుని వచ్చే మీసాలాయన ఎవరో అనుకున్నారు. వచ్చింది సన్నటి, పొట్టి ఆవిడ. నడుముకి చిన్న సంచీ, కాళ్ళకి తన సైజుకి మించిన బూట్లు. అంతకుముందు పదహారేళ్ళు చిన్నపిల్లల బడి నడిపిందట. పిల్లల కన్నా తల్లిదండ్రులే ఎక్కువ కరుస్తున్నారని అది మూసేసి కుక్కలకి మారింది.

ఆవిడ లోపలికి రాగానే మేనేజర్ ఎగిరి ఆవిడ భుజాల మీద కాళ్ళు వేశాడు. ఆవిడ వాణ్ణి తోయలేదు, తిట్టలేదు, కనీసం చూడలేదు. గోడకేసి తిరిగి నిలబడింది. మేనేజర్ దిగాడు, మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ గోడే కనిపించింది. చివరికి నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టి, ఈవిడకి ఏమైంది అన్నట్టు తల వంచి చూశాడు. వెంటనే ఆవిడ సంచీలోంచి ఉడికించిన చికెన్ ముక్క తీసి నోట్లో పెట్టింది. గోరంత ముక్క.

"అంతేనా?" అంది అత్తగారు.

"అంతే."

"ఈ మాత్రం దానికి మా ఆయన నాలుగేళ్ళు అరిచారు!"

"అరవడం ఆయనకి ఇష్టమేమో," అంది ట్రైనర్.

అత్తగారికి ఆవిడ మీద ఆ క్షణంలోనే గౌరవం పుట్టుకొచ్చింది.

పద్ధతి తేలిగ్గానే ఉంది. మామగారి పాత బూడిదరంగు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి గది మూల వేశారు. అది మేనేజర్ చోటు. పిడుగు ఏడవగానే "దుప్పటి" అని ఒక్కసారే, మెల్లగా అనాలి. వాడు వెళ్ళి పడుకుంటే ముక్క. పడుకోకపోతే ఏమీ లేదు. రెండోసారి అనకూడదు, బతిమాలకూడదు, మామగారిలా వీధికి వినిపించకూడదు. పాపనీ కుక్కనీ ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. పక్కగదిలో ఉన్నా ఉన్నట్టే లెక్క అని అత్తగారు అర్థం చేసుకుంది. పోతూ ట్రైనర్ ఒక అచ్చు కాగితం ఇచ్చింది.

భర్త దాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు. అత్తగారు దాని మీద కాఫీ కప్పు పెట్టింది. కోడలొక్కతే దాన్ని తీసి, వేలు పెట్టుకుంటూ, ఒక్కో లైనూ రెండేసి సార్లు చదివింది. ఐదో లైను ఇలా ఉంది: 'కుక్కకి మీ ఉద్దేశం తెలియదు. ముక్క దొరికే ముందు ఏం జరిగిందో అదొక్కటే తెలుస్తుంది.' మూడుసార్లు చదివినా అందులో గొప్పేమిటో ఆమెకి బోధపడలేదు. సరేలే, చదువుకున్నవాళ్ళ మాట అనుకుంది.

షాపులో వేసుకునే ఏప్రన్ ఒకటి ఇంట్లో ఉండిపోయింది. ముందు రెండు పెద్ద జేబులు, ఒకటి సుద్దముక్కకి, ఒకటి గుండుసూదులకి. సూదులన్నీ తీసేసి, జేబు నాలుగుసార్లు తిరగేసి దులిపి, లోపల డబ్బా పెట్టి చికెన్ ముక్కలు నింపుకుంది. ఆ ఏప్రన్ కట్టుకుంటే మిషను ముందు కూర్చున్నంత ధైర్యంగా ఉండేది.

మొదటి వారం అద్భుతం. ఐదో రోజుకి పిడుగు కుయ్యిమంటే చాలు, మేనేజర్ ఎవరూ చెప్పకుండానే లేచి దుప్పటి మీదికి వెళ్ళి, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకునేవాడు.

"చూశావుట్రా!" అనేది అత్తగారు కొడుకుతో. "నీకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇంతవరకు తడి తువ్వాలు మంచం మీంచి తియ్యడం రాలేదు. వాడు ఐదు రోజుల్లో నేర్చుకున్నాడు."

"నాకెవరూ చికెన్ పెట్టలేదమ్మా."

రెండో వారం పిడుగు ఏడుపు ఎక్కువైంది.

మొదట పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నారు. తర్వాత కడుపునొప్పి అనుకున్నారు. కోడలు ఒక నోటుపుస్తకంలో ఏడ్చినప్పుడల్లా టైము రాసుకుంది. రోజుకి ఆరుసార్లు, ఎనిమిది, పదకొండు. రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయేది. అన్నీ పగటి ఏడుపులే. పాకడం కూడా ఇంకా రాలేదు. కూర్చోబెడితే కూర్చునేది, బోర్లా వేస్తే గట్టున పడ్డ చేపలా కొట్టుకునేది, అంగుళం కదిలేది కాదు. ఎదురింటి పిల్లవాడు ఏడో నెలకే పాకుతూ వెళ్ళి చెప్పు నమిలాడట. ఆ చెప్పు తలుచుకుని ఆమె రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పిల్లల డాక్టరు పిడుగుని తిప్పి, కొట్టి, నొక్కి, తూచాడు. పిడుగు ఆయన కళ్ళద్దాలు లాక్కుని కిలకిలా నవ్వింది. "పాప బ్రహ్మాండంగా ఉంది. మీరే కాస్త నీరసంగా ఉన్నారు," అన్నాడు ఆయన.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో మేనేజర్ ఎదురొచ్చాడు. కోడలు వాణ్ణి ఆరోజే సరిగ్గా చూసింది. వాడి నడుము కనబడటం లేదు. వీపు బల్లలా అయిపోయింది, దాని మీద కప్పు పెడితే ఒలకదు. ఇంట్లో ఒకళ్ళు ఏడ్చి ఏడ్చి పోతుంటే ఇంకొకళ్ళు ఇంతలా ఎలా ఒళ్ళు చేస్తున్నారు అని ఆమెకి మొదటిసారి ఒక ముల్లు గుచ్చుకుంది.

మర్నాడు పదిన్నరకి ఆమె వంటింటి గుమ్మంలో గోడ చాటుగా నిలబడింది, నాలుగడుగుల దూరంలో. పిడుగు చాప మీద కూర్చుని చెంచాతో గిన్నెని వాయించుకుంటోంది. సంతోషంగా ఉంది. మేనేజర్ లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. పిల్లిలా వచ్చి, పళ్ళు తగలకుండా పెదవులతోనే, పిడుగు ఎడమకాలి సాక్సు కొస పట్టుకుని మెల్లగా, చాలా మర్యాదగా ఊడలాగాడు. దాన్ని తీసుకెళ్ళి బల్ల కింద పెట్టాడు. పిడుగు తన కాలిని చూసుకుంది. ఖాళీ కాలు. పై పెదవి వణికింది, కింది పెదవి వణికింది, ఆపైన పిడుగు పడింది.

అప్పటికి మేనేజర్ దుప్పటి మీద ఉన్నాడు. ముందుకాళ్ళ మీద గడ్డం. కళ్ళలో లోకంలోని శాంతి అంతా.

"వచ్చా వచ్చా!" అంటూ పక్కగదిలోంచి అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "నా తండ్రే, నా బుద్ధిమంతుడే! అది అంత గోల పెడుతుంటే ఎంత నిదానంగా పడుకున్నాడో చూడు!" వాడి నోట్లో ముక్క పడింది. ఒకటి కాదు, మూడు.

కోడలికి ఐదో లైను ఇప్పుడు బోధపడింది. వాడికి ముక్క దొరికే ముందు జరిగేది పడుకోవడం ఒక్కటే కాదు. దానికంటే ముందు పిడుగు ఏడవాలి. మరి ఏడవకపోతే? ఏడిపించాలి. వాడు తన పని తను శ్రద్ధగా చేసుకుంటున్నాడు.

సాయంత్రం చెబితే అత్తగారు మండిపడింది. "అభాండాలు వేయకే అమ్మాయ్! నోరులేని జీవం."

"నోరుందత్తయ్యా. ఆ నోటితోనే లాగాడు."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ బాల్కనీ తలుపుకి వేలాడే కర్టెన్ వెనక దాక్కున్నారు. ఆ కర్టెన్ కోడలు కుట్టిందే, రెండు పొరలు, దట్టమైన కుచ్చులు. పెళ్ళైన కొత్తలో ఇంత గుడ్డ దండగ అని అత్తగారు వంక పెట్టింది. ఇప్పుడు అదే గుడ్డలో సర్దుకుని, చీలికలోంచి ఒంటికన్నుతో చూస్తోంది. భర్త కాలివేళ్ళు బయటికి కనబడుతున్నాయి. కోడలు వాటిని తన పాదంతో వెనక్కి లాగింది.

మేనేజర్ వచ్చాడు. సాక్సు తీశాడు. పిడుగు ఏడ్చింది. మేనేజర్ దుప్పటి ఎక్కాడు. ఎవరూ రాలేదు. వాడు తల ఎత్తి వంటింటి వైపు చూశాడు. పక్కగది వైపు చూశాడు. ఈ ఇంట్లో పనివేళలకి ఒక విలువ లేకుండా పోయింది అన్నట్టు నిట్టూర్చి, లేచి వచ్చి, రెండో సాక్సు కూడా తీసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

అత్తగారు కర్టెన్‌లోంచి బయటపడి కుర్చీలో కూలబడింది. కోడలు పిడుగుని ఎత్తుకుంది.

"మీ నాన్న చెప్పేవారు రా," అంది అత్తగారు. "ఆ మేనేజర్ కూడా ఇంతేనట. సరుకు తనే వేరే గదిలో దాయించి, పోయిందని గోల పెట్టించి, తనే వెతికి పట్టుకుని పైవాళ్ళ దగ్గర శభాష్ అనిపించుకునేవాడట."

"పేరు నిలబెట్టాడన్నమాట," అన్నాడు భర్త. అతను నవ్వలేదు. "ఇవాళ సాక్సు. రేపు ఇంకేదో. వద్దమ్మా. నెల దాకా కూడా ఆగక్కర్లేదు."

అత్తగారు లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. పెట్టె తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టింది, పూర్తిగా సర్దినట్టే ఉంది. ఈవిడ ఎప్పుడూ సర్దుకునే ఉంటుందేమో అని కోడలికి అనుమానం వచ్చింది.

"వాడెక్కడికీ వెళ్ళడండీ," అంది కోడలు. పిడుగు ముక్కు తుడుస్తూనే అంది. "మనం నేర్పిందే వాడు చేశాడు. ఒక్క గాటు పడలేదు, చూడండి. ముక్కలు పెట్టింది మనం. అందులో సగం నేనే పెట్టాను. నెలన్నారుగా, ఇంకా పదకొండు రోజులుంది."

కుక్క తరఫున తను వకాల్తా పుచ్చుకుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మేనేజర్ కూడా అనుకోలేదు కాబోలు, తల వంచి చూశాడు.

ట్రైనర్ ఫోన్లో అంతా విని మొదటిసారి నవ్వింది. చాలాసేపు నవ్వింది. "అమ్మా, ఏడుపు మీద బతికే కుక్కని ఇప్పుడే వింటున్నాను. కాగితంలో ఎనిమిదో లైను చదవలేదా?"

"ఏడే ఉన్నాయండీ."

"తిప్పి చూడండి."

ఆమె తిప్పింది. కాగితం వెనక కూడా అచ్చు ఉంది. ఎనిమిదో లైను: 'పాప ఏడవనప్పుడు, కుక్క ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా ముక్క వేయండి. అసలు అప్పుడే ఎక్కువ వేయండి.' ఆమె చెవులు వేడెక్కాయి. తొమ్మిదో తరగతి దాకా చదివి కాగితానికి రెండు వైపులుంటాయని తెలియలేదు.

"తప్పు నాది కూడా," అంది ట్రైనర్. "చెప్పి వెళ్ళాల్సింది, చదువుతారులే అనుకున్నాను. ఇప్పుడు వినండి. ఏడుపుకి ముక్క బంద్. వాడి మొహం కూడా చూడొద్దు, పాపని మాత్రం ఎత్తుకోండి. పాప ఆడుకుంటూ, నవ్వుతూ, వాడు దుప్పటి మీద తన మానాన తనుంటే, అప్పుడు వేయండి. ఇంట్లో అందరూ. ఒక్క చెయ్యి తప్పినా పని జరగదు. ఇంకో మాట, మూడు నాలుగు రోజులు వాడు సమ్మె చేస్తాడు."

చేశాడు. సాక్సులు వేయడం మానేస్తే పాప చెంచా పట్టుకుపోయాడు. చెంచాకి ఏమీ రాకపోతే గిన్నె. గిన్నెకీ రాకపోతే భర్త పానా తెచ్చి దుప్పటి మధ్యలో పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. అదీ పనిచేయకపోయేసరికి గోడని చూసి అరిచాడు. కింద అంతస్తు వాళ్ళు, మీ ఇంట్లో పిడుగులు రెండయ్యాయా అని అడిగారు.

ఐదు రోజులైనా సమ్మె తగ్గలేదు. తగ్గినట్టే తగ్గి మధ్యాహ్నాలు మళ్ళీ మొదలయ్యేది, సరిగ్గా కోడలు బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళే వేళకి. ఆరోజు ఆమె సగం బట్టలు బకెట్లోనే వదిలి వెనక్కి వచ్చింది. అత్తగారు కళ్ళజోడు పెట్టె గభాలున మూసింది. కళ్ళజోడు మాత్రం ముక్కు మీదే ఉంది.

"అత్తయ్యా, అది ఇలా ఇవ్వండి."

"దేన్ని?"

"చికెన్ వాసన వస్తున్నదాన్ని."

అత్తగారు పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. "ఏం చెయ్యనే. వాడలా చూస్తుంటే... మీ మామగారు సెలవు చీటీ పట్టుకుని ఆ మేనేజర్ గది బయట నిలబడినప్పుడు అచ్చం అలాగే చూసేవారు. ఒకసారి నేను భోజనం తీసుకెళ్ళి చూశాను. రెండు గంటలు నిలబెట్టాడు ఆ దరిద్రుడు."

కోడలు పక్కన కూర్చుంది. "నా మిషను మీద వేరే పిల్ల కూర్చుంది అత్తయ్యా. నా కత్తెర కూడా ఆ పిల్లే వాడుతోందట. మీరు వెళ్ళిపోతే దాన్ని ఆ పిల్లకే ఇచ్చేస్తారు. మీరు ఉండాలి. మీరుండాలంటే వాడుండాలి. వాడుండాలంటే ఆ పెట్టెలో కళ్ళజోడే ఉండాలి."

అత్తగారు పెట్టె తెరిచి, ముక్కలు ఆమె ఏప్రన్ జేబులో వంపేసింది. "కత్తెర కూడానా?" అంది. "అది మరీ అన్యాయం."

ఆ మధ్యాహ్నం నుంచి సమ్మె సడలింది.

నెలాఖరున ట్రైనర్ వచ్చింది. భర్త ఒక పూట సెలవు పెట్టాడు. అత్తగారి పెట్టె ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

"పరీక్ష ఇదీ," అంది ట్రైనర్. "పాప ఏడుస్తుంది. మేనేజర్ మూడు నిమిషాలు దుప్పటి దిగకూడదు. ఏమీ లాక్కోకూడదు. మధ్యలో ముక్క లేదు. కానివ్వండి, పాపని ఏడవనివ్వండి."

అందరూ పిడుగుని చూశారు. పిడుగు చాప మీద కూర్చుని అందరినీ చూసి నవ్వింది.

భర్త చెంచా లాక్కున్నాడు. పిడుగు నవ్వింది. గిన్నె లాక్కున్నాడు. చప్పట్లు కొట్టింది. అత్తగారు కళ్ళు పెద్దవి చేసి రాక్షసిలా మొహం పెట్టింది. పిడుగుకి వెక్కిళ్ళు వచ్చేంత నవ్వు. దుప్పటి మీద మేనేజర్ ఈ కొత్త సిబ్బంది చేతకానితనాన్ని జాలిగా చూశాడు. నాలుగు వారాలుగా ఇంటిల్లిపాదీ ఏడవకు తల్లీ అని బతిమాలారు, ఇప్పుడు ఏడవమని బతిమాలుతున్నారు.

"అవసరానికి పనికిరాదు," అంది అత్తగారు ఆయాసపడుతూ. "అచ్చం దీని తండ్రే."

ట్రైనర్ కోడలి వైపు తిరిగింది. "మీరు బయటికి వెళ్తే ఏడుస్తుందా?"

"తెలీదండీ."

"అదేమిటి?"

"ఎప్పుడూ వెళ్ళలేదు."

నిజమే. ఎనిమిది నెలల్లో పాపని వదిలి ఆమె గుమ్మం దాటలేదు. కూరల దుకాణానికైనా ఎత్తుకునే వెళ్ళేది. భర్తకి కూడా ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది, ఆమెని వింతగా చూశాడు.

"ఎల్లుండి ఒకటో తారీఖు," అంది ట్రైనర్. "వెళ్ళండి. పనికి వెళ్తున్నట్టే వెళ్ళండి. మూడు నిమిషాల దాకా లోపలికి రాకూడదు. మేమందరం ఇక్కడే ఉన్నాం. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుంటాను."

ఆమె ఏప్రన్‌తోనే, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. తలుపు మూసుకుంది. పిడుగు ఒక క్షణం ఏమీ అనలేదు. ఆ ఒక్క క్షణంలో ఆమెకి, అరె, నేను లేకపోయినా దీనికి ఏమీ కాదు అని ఒక చిన్న దిగులు. మరుక్షణం ఏడుపు అందుకుంది. అది సాక్సు ఏడుపు కాదు. నోటుపుస్తకంలో రాసిన ఏ ఏడుపూ కాదు.

ఆమె తలుపు పిడి పట్టుకుని అంకెలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు.

పై అంతస్తు ఆయన చెత్తబుట్ట పట్టుకుని దిగుతూ ఆగాడు. "ఏమ్మా, గెంటేశారా?"

"లేదండీ. కుక్కకి పరీక్ష."

"మరి నువ్వెందుకు బయట?"

ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెడుతూనే ఉంది. ఆయన తల ఊపుతూ దిగిపోయాడు. తొంభై ఒకటి, తొంభై రెండు. ఏడుపు తారస్థాయికి వెళ్ళి, కొంచెం దగ్గి, ఠక్కున ఆగింది.

ఏడుపు కన్నా ఆ నిశ్శబ్దం ఘోరంగా ఉంది. ఉయ్యాల ఒరిగినప్పుడు కూడా ముందు ఇంతే నిశ్శబ్దం. నూట పది, నూట ఇరవై, నూట ముప్ఫై. ఆమె తలుపు తోసేసింది.

చాప ఖాళీగా ఉంది. పిడుగు గది మూల దుప్పటి మీద ఉంది. మేనేజర్ చెవిని గుప్పిట్లో బిగించి, ఇంకో చేత్తో వాడి ముక్కు కన్నంలోకి వేలు పెట్టాలని దీక్షగా చూస్తోంది. ట్రైనర్ పక్కనే నేల మీద కూర్చుని ఉంది, ఒక చెయ్యి మేనేజర్ మెడపట్టీ మీద. మేనేజర్ గడ్డం ముందుకాళ్ళ మీంచి లేవలేదు. తోక కొస మాత్రం కొట్టుకుంటోంది. కళ్ళు రెండూ ట్రైనర్ సంచీ మీద ఉన్నాయి.

"అక్కడికెలా వచ్చింది?" అంది కోడలు. "ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. పాకింది," అన్నాడు భర్త.

"నువ్వు వెళ్ళిన నిమిషానికే," అంది అత్తగారు. "ఏడుస్తూనే పాకింది. రెండు పనులూ ఒకేసారి. ఆడపిల్ల కదా!"

పాకింది. రెండు నెలలుగా ఆమె ఎదురుచూసిన పాకుడు, తలుపుకి అవతల తను అంకెలు లెక్కపెడుతుండగా అయిపోయింది. ఆమె ఏప్రన్ అంచు నలుపుతూ నిలబడింది.

ట్రైనర్ గడియారం చూసుకుంది. పాప చెయ్యి మెల్లగా విడిపించి ఎత్తి అత్తగారికి అందించింది. "దిగలేదు, లాక్కోలేదు, పాప మీదికి వచ్చినా కదల్లేదు. పాప దుప్పటి మీదికి వెళ్ళకూడదని నేను చెప్పలేదు కాబట్టి అది వాడి తప్పు కాదు. మేనేజర్ పాసు." నాలుగు ముక్కలు ఒకేసారి వేసింది. "ఫెయిలైంది మీరే. మూడు నిమిషాలన్నాను. రెండు నిమిషాల పది సెకన్లకే వచ్చేశారు."

"చప్పుడు ఆగిపోయిందండీ..."

"ఎల్లుండి షాపులో అసలు చప్పుడే వినబడదు. మళ్ళీ వెళ్ళండి."

"మళ్ళీనా?"

"వెళ్ళవే అమ్మాయ్," అంది అత్తగారు, పిడుగుని చంకకెత్తుకుంటూ. "ఈసారి నన్ను నమ్మి వెళ్ళు. ఒరేయ్, గుడ్లప్పగించి చూస్తావేం, ఆ పెట్టె తీసి అటక మీద పడెయ్యి. కాలికి తగులుతోంది."

ఆమె మళ్ళీ బయటికి వచ్చింది. తలుపు మూసింది. ఈసారి పిడి పట్టుకోలేదు. మెట్టు మీద కూర్చుంది. లోపల పిడుగు పడింది. పెట్టె ఈడ్చిన చప్పుడు. అత్తగారి గొంతు ఏదో చెబుతోంది, మాటలు తెలియడం లేదు. ఏడుపు ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఆమె లేవలేదు. నూట డెబ్భై ఎనిమిది, నూట డెబ్భై తొమ్మిది, నూట ఎనభై.

మూడు నిమిషాలు. ఎవరూ తలుపు తీసి శభాష్ అనలేదు. ఆమె జేబులో చెయ్యి పెట్టింది. సుద్దముక్క పక్కన డబ్బా తగిలింది. మూత తీసి, అటూ ఇటూ చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుంది.

ఉప్పు లేదు. అయినా ఇంకోటి తీసుకుంది.